కమలమ్మ కొసరు

తిరుత్తణి మార్కెట్టు వీధిలో జయరామ మళిగ అంగడికి, అంటే పచారీ కొట్టుకు, తమిళంలో పెద్ద బోర్డే ఉంది. అయితే ఆ బోర్డు చదువుకుని వచ్చేవాళ్లు తక్కువ. "కొసరమ్మ అంగడి యాడ?" అంటే పూలమ్మేవాళ్లయినా ఆటోవాళ్లయినా చెయ్యి చూపిస్తారు. కొసరమ్మ అంటే జయరామ భార్య కమలమ్మ. కందిపప్పు తూచి పొట్లం కట్టబోయే ముందు ఆమె చెయ్యి ఇంకోసారి మూటలోకి పోతుంది. గుప్పెడు కాదు, అర గుప్పెడు. అడిగినవాళ్లకూ వేస్తుంది, అడగనివాళ్లకూ వేస్తుంది.

ఆరంబాక్కం నుంచి పెళ్లయి వచ్చిన కొత్తలో ఆమెకు ఈ అలవాటు లేదు. అత్తగారు నేర్పింది. కొలిచింది కొలిచినట్టు ఇచ్చేదానికి మనమెందుకమ్మా, అనేదట ఆ పెద్దామె. అంగడి వెనకాల గదిలో జయరామ పిండి మిషను నడిపేవాడు. ముందు కమలమ్మ, వెనక మిషను మోత. కొడుకు సుభాష్ పెద్దవాడై, పట్టాభిరామ్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో పనికి కుదిరి, మొదటి జీతంతో ఎలక్ట్రానిక్ కాటా కొనుక్కొచ్చాడు. "ఇంక గ్రాముతో సహా కనపడతాదిమ్మా, నీ చేతివాటం దీని దగ్గర సాగదు" అని నవ్వాడు. కమలమ్మ ఆ కాటాలో అంకె నిలిచేదాకా మర్యాదగా ఆగేది. అంకె నిలిచాక పొట్లం దించి, అప్పుడు వేసేది కొసరు.

సుభాష్ భార్య సింధూరకు మొదట్లో ఇది ముచ్చటగా ఉండేది. ఆమెది పూండి దగ్గర పల్లె. తిరువళ్లూరులో బీఎస్సీ కెమిస్ట్రీ చదివింది. గాజు గొట్టం నుంచి ఒక్క బొట్టు ఎక్కువ పడితే రంగు మారిపోయి, ప్రయోగమంతా మళ్లీ మొదలుపెట్టాల్సిన చదువు అది. అత్త సాంబారులో వేసే ఉప్పు కొసరు, తలకు పెట్టే నూనె కొసరు, వచ్చిన చుట్టాలకు "ఇంకొక్కటి" అంటూ వేసే దోసె కొసరు చూసి నవ్వుకునేది. కూతురు మోక్షిత పుట్టాక ఆ నవ్వు కాస్త తగ్గింది. పాపకు జ్వరమొస్తే వేసే చుక్కల మందును సింధూర బీరువా పైన, అత్తకు అందని ఎత్తులో పెట్టింది.

"ఏం సింధూ, మందు ఆడ పెట్నావు? నేను తాగేస్తానని భయమా?" అంది కమలమ్మ ఒకనాడు.

"నువ్వు తాగినా పరవాలేదత్తా. దానికి నువ్వు రెండు చుక్కలు ఎక్కువ తాపిస్తావనే నా భయం."

"పసిబిడ్డకు రెండు చుక్కలకు ఏమైపోతాదంట?" అని కమలమ్మ మూతి తిప్పింది గానీ, కోపగించుకోలేదు.

పాప నిద్రపోతుంటే సింధూర ఊరికే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. ఊపిరి తగిలితే వెళ్లి గిన్నెలు కడుక్కునేది, కడిగి మళ్లీ వచ్చి చూసేది. ఆ ఇంట్లో భయపడాల్సింది పసిబిడ్డ ఊపిరి గురించి కాదని పోయిన వానాకాలంలో తెలిసింది.

జయరామ ముప్పై ఏళ్లు మిషను దగ్గర నిలబడ్డవాడు. మిరపకాయలూ బియ్యమూ గోధుమలూ ఆడుతుంటే లేచే దుమ్ము సగం సంచుల్లోకి, సగం ఆయన ఛాతీలోకి పోయింది. మధ్యమధ్యలో బయటికొచ్చి బీడీ. మిషను అమ్మేసిన తరువాతా దగ్గు ఆయన్ను వదల్లేదు. వానాకాలంలో జలుబు చేసి, ఆయాసం ముదిరి, తిరువళ్లూరు ఆసుపత్రిలో గొంతులో గొట్టం వేసి ఊపిరి ఆడించాల్సి వచ్చింది. ఆ గొట్టం తీసేసరికి అందరి ప్రాణాలూ పోయి వచ్చాయి. ఇంటికి పంపేటప్పుడు ఊపిరితిత్తుల డాక్టరు శ్రీవాసవి గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే యంత్రం ఒకటి పెట్టుకోమన్నది. నిమిషానికి ఒక లీటరు చొప్పున, రోజులో ఎక్కువ సేపు, ముక్కుకు సన్నని గొట్టంతో. వేలికి తగిలించే క్లిప్పులో అంకె ఎనభై ఎనిమిదికీ తొంభై రెండుకీ మధ్య ఉంటే చాలన్నది.

సింధూర తల ఊపింది. కమలమ్మ "ఒక లీటరేనా?" అని మాత్రం అడిగింది. నూనె కొలిచే మనిషి ఆమె. లీటరు అంటే ఎంతో ఆమెకు చేతికి తెలుసు. మంచం పట్టి లేచిన మనిషికి ఒక లీటరు గాలి!

ఇంటికొచ్చిన వారానికి క్లిప్పులో తొంభై అయిదు వచ్చింది. తరువాత తొంభై ఏడు. ఒక ఉదయం తొంభై ఎనిమిది. సింధూర ప్రతి అంకెనూ ఫోటో తీసి సుభాష్‌కు పంపింది. డాక్టరు చెప్పిన అంకెలను ఆమె పాస్ మార్కులనుకుంది. పైకి పోతే డిస్టింక్షనే కదా. సుభాష్ రైల్లోంచి చప్పట్లు కొట్టే బొమ్మ పంపాడు. జయరామ కూడా హాయిగా నిద్రపోతున్నాడు. పొద్దున కాస్త తలనొప్పి అంటాడు, కాఫీ తాగి మళ్లీ కునుకు తీస్తాడు. దగ్గుతో నెలల తరబడి నిద్రలేని మనిషి నిద్రపోతుంటే ఎవరు కాదంటారు?

"చూస్తివా, మీ మామకు ఒళ్లు కుదురుకుంటా ఉండాది" అనేది కమలమ్మ, అంగడికీ మంచానికీ మధ్య తిరుగుతూ.

ఆ సంతోషం ఒక శుక్రవారం పొద్దున పదింటికి ఆగిపోయింది. కాఫీ గ్లాసు అందుకోబోయిన జయరామ చెయ్యి గాలిలో రెక్కలా టపటపా కొట్టుకుంది. గ్లాసు జారి ఒళ్లో పడింది. కాఫీ కాలినా ఆయన ఉలిక్కిపడలేదు. సింధూరను చూసి, "మిరపకాయలు రేపు ఆడిస్తాను, పోయి రేపు రా" అన్నాడు, మిషను దగ్గరికి వచ్చిన గిరాకీతో అన్నట్టు. కళ్లు మూతలు పడ్డాయి. పిలిస్తే ఊఁ అంటాడు, అంతే.

సింధూర క్లిప్పు తగిలించింది. తొంభై ఎనిమిది.

ఆమెకు భయం పుట్టింది ఆ అంకె చూసే. తక్కువ ఉండి ఉంటే ఇంత భయపడేది కాదు. కొలిచే సాధనం అంతా బాగుందంటుంది, కొలవబడ్డ మనిషి లేవడంలేదు. ప్రయోగశాలలో ఇలాంటప్పుడు మాస్టారు చెప్పేది ఒకటే: మీరు కొలుస్తున్నది మీకు కావలసినదేనా, చూసుకోండి.

డాక్టరుకు ఫోన్ చేస్తే వెంటనే తీసుకురమ్మంది. పక్కింటి తణికాచలం కారు తీశాడు. ఆయన భార్య మోక్షితను చంకనెత్తుకుంది. పాప ఏడుస్తుంటే సింధూర వెనక్కి చూడకుండా కారెక్కింది. దారి పొడవునా జయరామ తల కమలమ్మ భుజం మీద ఉంది. ఆమె కుడి చెయ్యి ఆయన గుండె మీద, ఎడమ చెయ్యి ప్రయాణానికని యంత్రంతోపాటు తెచ్చుకుని ఇప్పుడు కాళ్ల దగ్గర పెట్టిన చిన్న ఆక్సిజన్ సిలిండరు మీద.

"అన్నా, సీక్రం పో అన్నా" అంది కమలమ్మ పూండి మలుపు దగ్గర.

"పోతానే ఉండానక్కా. ముందర చెరుకు ట్రాక్టరు, దాని మీదెక్కి పోయేదానికి లేదు గదా" అన్నాడు తణికాచలం. మళ్లీ తనే, "బావకేం కాదులే. పోయినసారి లేచినాడు గదా, ఈసారీ లేస్తాడు" అన్నాడు.

ఆసుపత్రిలో డాక్టరు శ్రీవాసవి జయరామ ఛాతీ విని, చేతులు చాపించి చూసి, "రక్తం గ్యాస్ చూడాల" అంది నర్సు మీనాంబతో. డాక్టరుది కూడా ఆ పక్క ఊరే. నగరంలో చదివినా యాస పోలేదు.

మామూలుగా రక్తం తీసే నరం కాదు అది. మణికట్టు దగ్గర నాడి కొట్టుకుంటుందే, దానిలోంచి తీయాలి. మీనాంబ రెండు వేళ్లతో నాడి పట్టి, సూది నిలువుగా దించింది. అంతసేపూ పిలిచినా సరిగా పలకని జయరామ మొహం చిట్లించాడు. ఆ చిట్లింపు చూసి కమలమ్మ "అమ్మయ్య" అంది. ఎర్రటి రక్తం తనంతట తాను సిరంజిలోకి ఎక్కింది. మీనాంబ గాలి బుడగ లేకుండా చూసి, మూత బిగించి, దూది కమలమ్మ వేలి కిందికి తోసింది.

"గట్టిగా ఒత్తి పట్టుకోమ్మా. అయిదు నిమిషాలు. మామూలు సూది కాదు, వదిలేస్తే లోపల్లోపల కారతాది."

మూలనున్న యంత్రం ఆ రక్తం తాగి, కాసేపటికి చీటీ ఒకటి బయటికి తోసింది. డాక్టరు చీటీని సింధూర వైపు తిప్పింది, చదువుకున్న అమ్మాయి అని తెలుసు కాబట్టి.

"ఇది చూడు. ఆక్సిజన్ కావలసినదానికంటే ఎక్కువే ఉండాది. నీ క్లిప్పు అబద్ధం చెప్పలా. అయితే అది చెప్పేది ఆ ఒక్కటే. కార్బన్ డయాక్సైడ్ చూడు. ఎనభై రెండు. నలభై ఉండాల్సింది, మీ మామకు మామూలుగా యాభై దాటి ఉంటాది. ఇప్పుడు ఎనభై. దాని వల్ల పీహెచ్..."

సింధూర పీహెచ్ దగ్గరికి తనే వచ్చింది. ఏడు పాయింట్ రెండు నాలుగు. ఆమ్లం. సోడా బుడ్డీలో గ్యాసు కలిస్తే నీళ్లు పులిసినట్టు, రక్తం పులుస్తోంది. బయటికి పోవలసిన గాలి లోపలే నిలిచిపోయి మనిషిని మత్తులో ముంచుతోంది. ఆయన ఇన్నాళ్లూ పోయింది హాయిగా నిద్ర కాదు. తను పంపిన ఫోటోలన్నీ ఆమెకు గుర్తొచ్చాయి.

"మాస్కు పెట్టి గాలి తోసి చూస్తాను" అంది డాక్టరు. "దానికి కార్బన్ డయాక్సైడ్ దిగితే సరి. దిగకపోతే మళ్లీ గొంతులో గొట్టమే. పోయినసారి తీసేదానికి ఎంత కష్టపడినామో మీకు తెలుసు. ఈసారి అందాకా రానీకుండా చూడాల. ఇది ఎందువల్ల వచ్చిందో తెలిస్తే నాకు దారి తెలుస్తాది. జ్వరముందా? కళ్లె రంగు మారిందా?"

"లేదు డాక్టర్" అంది సింధూర.

"నిద్రమాత్ర ఏమన్నా?"

"లేదు."

"ఆక్సిజన్ ఎంత పెడతా ఉండారు?"

"ఒకటే లీటరు. మీరు చెప్పినంతే, మొదటి రోజు నేనే పెట్టినాను."

డాక్టరు చీటీ మళ్లీ చూసింది. "ఈయనకు ఒక లీటరుకు తొంభై ఎనిమిది రాదే."

సింధూర అత్త వైపు చూసింది. కమలమ్మ మొగుడి మణికట్టు మీద దూది ఒత్తి పట్టుకునే ఉంది. అయిదు నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి. ఆ వేలిని చూస్తుంటే సింధూరకు కారులో సిలిండరు మీదున్న ఎడమ చెయ్యి గుర్తొచ్చింది. పొట్లం కట్టబోయే ముందు మూటలోకి పోయే చెయ్యి కూడా.

"కొసరు వేసినానమ్మా" అంది కమలమ్మ.

"ఏంది?" అంది డాక్టరు.

"పొద్దున లేస్తానే యంత్రం గుండీ కొంచెం తిప్పేదాన్ని. సాయంత్రం ఇంకొంచెం. మూడో నాలుగో ఉంటాది. కారులోనూ తిప్పినాను. ఒక లీటరు ఏ మూలకు సరిపోతాది, అంత పెద్ద మనిషికి? ముక్కూ మొహం తెలీనోళ్లకు కొసరు వేస్తానే, ఈయనకు వెయ్యకుండా ఎట్లుంటాను?" ఆమె గొంతులో ఏడుపు లేదు. ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పింది. "నా వల్లే అయితే, నా వల్లే అని చెప్పు. దాచొద్దు."

డాక్టరు ముందు మీనాంబతో ఆక్సిజన్ తగ్గించమంది. ఒక్కసారిగా కాదు, మెల్లగా. తరువాత కమలమ్మ పక్కన కూర్చుంది.

"చెప్పినారు, అది చాలు. ఇప్పుడు స్కాన్లూ అవీ అని తిరగాల్సిన పన్లేదు, దారి తెలిసింది. ఒక లీటరన్నాను గానీ, ఎక్కువైతే ఏమవుతుందో నేనూ చెప్పలేదు కదమ్మా. ఆక్సిజన్ మందే. ఇట్లాంటి ఊపిరితిత్తులకు అది మితిమీరితే చెడ్డ గాలి బయటికి పోకుండా నిలిచిపోతాది."

కమలమ్మకు సగమే అర్థమైంది. మిగతా సగం సింధూర అందించింది.

"అత్తా, మామ మిషను గుర్తు తెచ్చుకో. పైన గింజ పోస్తాం, కింద పిండి ఎత్తుకుంటాం. పిండి ఎత్తకుండా గింజ పోస్తానే ఉంటే?"

"గొంతు పట్టేస్తాది."

"ఆ క్లిప్పు గింజను మాత్రమే లెక్కబెడతాది. పిండి ఎంత పేరుకుందో ఈ చీటీ చెప్పింది. నేనూ గింజనే చూసి సంబరపడినాను. ఫోటోలు గూడా తీసినాను."

కమలమ్మ మొగుడి మొహం చూసింది. "ఆ పిండి ఎత్తేదానికేనా ఆ మాస్కు?"

"దానికే."

మాస్కు జయరామకు నచ్చలేదు. ముక్కూ నోరూ కప్పేసి గాలి తోస్తుంటే మత్తులోనే చేతులతో లాగేయబోయాడు. కమలమ్మ ఆ చేతులు పట్టుకుంది. "ఇదో, చూడయ్యా. మిషనుకు బెల్టు వేసేటప్పుడు ఎట్లా గుంజుతాది? కాసేపు గుంజి దారికొస్తాది గదా. ఇదీ అంతే. దాంతోపాటు ఊదు" అంది. ఏం విన్నాడో ఏమో, చేతులు నెమ్మదించాయి.

మంచం పైనున్న తెరలో ఆక్సిజన్ అంకె దిగడం మొదలైంది. తొంభై అయిదు. తొంభై మూడు. కమలమ్మ కళ్లు దాని మీదినుంచి కదల్లేదు. తొంభై ఒకటి. దిగితేనే మంచిదని సింధూరకు తెలుసు. తెలిసినా, దిగే అంకెను చూస్తూ కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. చూపు తిప్పి మామ పొట్ట మీద పెట్టింది. అది లేస్తోంది, పడుతోంది. పాప పక్కన కూర్చున్నప్పుడు చూసినట్టే చూసింది.

పట్టాభిరామ్ నుంచి లోకల్ రైలెక్కి సుభాష్ వచ్చేసరికి, మీనాంబ రెండో చెయ్యి మణికట్టులో సూది దించి రెండోసారి రక్తం తీసింది. కమలమ్మ అడక్కుండానే దూది మీద వేలు పెట్టింది. యంత్రం చీటీ తోసేదాకా ఎవరూ కూర్చోలేదు. కార్బన్ డయాక్సైడ్ డెబ్బై. పీహెచ్ ఏడు పాయింట్ మూడు.

"దిగతా ఉండాది" అంది డాక్టరు. "గొట్టం మాట ఇప్పటికి పక్కన పెడదాం."

సుభాష్ గోడకు ఆనుకుని పెద్దగా ఊపిరి వదిలాడు. మీనాంబ మంచం దగ్గరికి వచ్చి, "అమ్మా, చాలు, అయిదు నిమిషాలు ఎప్పుడో అయిపొయ్యింది. వేలు తియ్యి" అంది.

కమలమ్మ ఉలిక్కిపడి వేలు తీయబోయింది.

"ఈడ ఒత్తేది కాస్త ఎక్కువైనా పరవాలేదులే, ఉండు" అంది మీనాంబ నవ్వి. కమలమ్మ మళ్లీ ఒత్తింది.

మర్నాడు సాయంత్రానికి జయరామ మాస్కు తీయించుకుని, కాఫీ అడిగి, గ్లాసు తన చేత్తో పట్టుకుని తాగాడు. చెయ్యి వణకలేదు. "నన్ను ఈడికి ఎవరు ఎత్తుకొచ్చినారు?" అన్నాడు.

"తణికాచలం కారులో తెచ్చినాము."

"వాడి కారా? అయితే నేను బతికింది డాక్టరు వల్ల కాదు, దేవుడి వల్ల" అన్నాడు. నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు విని అందరూ నవ్వారు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు కమలమ్మను పిలిచింది. "యంత్రం ఆపేయద్దు. తగ్గించొద్దు, పెంచొద్దు. చెప్పినంతే. ఆయన మబ్బుగా ఉన్నా, పొద్దున తలనొప్పి అన్నా ఫోన్ చెయ్యండి. మళ్లీ నెలకు రండి, రక్తం గ్యాస్ చూస్తాం."

"సరేమ్మా." కమలమ్మ కదల్లేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. "ఊరికే కూర్చుని చూస్తా ఉండాలంటే నా వల్ల కాదమ్మా. నేను చేసేది ఏమీ లేదా?"

డాక్టరు ఆలోచించింది. "ఉండాది. పెదాలు ఈల వేసేటట్టు పెట్టుకుని, లోపలికి తీసుకున్నదానికంటే ఎక్కువ సేపు మెల్లగా బయటికి ఊదాల. రోజూ పొద్దున, సాయంత్రం. ఆయన బద్ధకిస్తాడు. మీరు కూర్చుని చేయించండి."

"బయటికి ఊదేదా?"

"బయటికే."

కమలమ్మ మొహం విప్పారింది.

ఇంటికొచ్చిన రోజే కమలమ్మ కోడల్ని పిలిచి యంత్రం గుండీకి అడ్డంగా ప్లాస్టరు అంటించమంది. "చుక్కల మందు బీరువా మీద పెట్నావే, అట్లా. నా చేతిని నేనే నమ్మను" అంది. సింధూర ఒక లీటరు గీత దగ్గర గుండీ నిలిపి, రెండు వరసలు అంటించింది. చుక్కల మందు మాత్రం ఇంకా బీరువా మీదే ఉంది. దాని గురించి ఇద్దరూ ఏమీ అనుకోలేదు.

ఇప్పుడు పొద్దున పూట, గిరాకీ ఇంకా అందుకోకముందు, జయరామ అంగడి లోపల కుర్చీలో కూర్చుంటాడు. ముక్కుకు గొట్టం, ఎదురుగా ముక్కాలిపీట మీద కమలమ్మ.

"పీల్చు. ఊఁ, ఇప్పుడు ఊదు. ఊదు. మెల్లగా."

"ఊదేసినా కదే."

"ఇంకొంచెం ఉండాది లోపల. ఊదు. కొసరు ఊదయ్యా."

"అయిపొయ్యింది తల్లీ, ఇంక ప్రాణమే ఉండాది, అదీ ఊదేయమంటావా?"

"అది ఉంచుకో. మిగతాది ఊదు."

చాప మీద ఆడుకుంటున్న మోక్షిత తాతను చూసి తానూ పెదాలు సున్నాలా చుట్టి ఉఫ్‌ఫ్ అంది. నోట్లోంచి గాలికంటే చొంగ ఎక్కువ వచ్చింది. జయరామకు నవ్వొచ్చింది. ఆ నవ్వులో, వదలకుండా మిగిలిన ఊపిరి కూడా బయటికి పోయింది.

"ఆఁ, అదీ!" అంది కమలమ్మ.

సింధూర మామ వేలికి క్లిప్పు తగిలించింది. తొంభై. ఆ అంకె చూసి సుభాష్ రైలెక్కే టైముకు అతనికి మెసేజ్ పెడదామనుకుంది గానీ, ముందు ఆయన మొహం చూసింది. కళ్లు తేటగా ఉన్నాయి. "మామా, ఈ రోజు ఏం వారం?" అంది.

"బుధవారం. సంత రోజు. మీ అత్తను లేపు, అంగట్లో గిరాకీ నిలబడి ఉండాది" అన్నాడు జయరామ.

బయట ఎవరో అర కిలో పెసరపప్పు అడుగుతున్నారు. కమలమ్మ లేచింది, తూచింది, అంకె నిలిచేదాకా ఆగింది. తరువాత ఆమె చెయ్యి మూటలోకి పోయింది.